పియానో పక్కన వంత



(పియానో మీద తొమ్మిది స్వరాలు)

ఈ ముక్క మీకు కొత్త కాదు. ఎవరికైనా ఫోన్ చేస్తే, కాస్త లైన్లో ఉండండి అంటూ చెవిలో మోగేది ఇదే. పిల్లల బొమ్మల్లోనూ, ఇంటి గుమ్మం దగ్గర కాలింగ్ బెల్లుల్లోనూ ఇదే. తైవాన్‌లో చెత్తబండి వీధిలోకి వచ్చిందని జనానికి తెలియడానికి మోగించే పాటల్లో ఇదొకటి. రాసింది బీథోవెన్, 1810లో. ఆయన 1827లో కన్నుమూశాడు. ఇది అచ్చులోకి వచ్చింది 1867లో, ఆయన పోయిన నలభై ఏళ్లకు. ‘ఫ్యూర్ ఎలీజ్’ అంటారు, ఎలీజ్ కోసం అని. ఆ ఎలీజ్ ఎవరన్నది పండితులు ఇప్పటికీ తేల్చలేదు.

మన పొదిలిలో ఓ సాయంత్రం, ఓ బడి హాల్లో అరవై డెబ్భై మంది ముందు ఈ తొమ్మిది స్వరాలూ వాయించి ఆగాను. “ఇప్పుడు దీన్నే మన స్వరాల్లో పాడతాను” అని, ప మ ప మ ప రి మ గ స అన్నాను. ముందు వరుసలో ఓ పెద్దాయన కూర్చుని ఉన్నాడు. పద్యనాటకాలకు హార్మోనియం వాయించి వాయించి పండిన చెయ్యి ఆయనది. ఆ వేళ్లు మోకాలి మీద కదిలాయి. రెండుసార్లు కదిపి చూసుకుని, “మేష్టారూ, ముందొచ్చిన మధ్యమమూ చివర్లో వచ్చిన మధ్యమమూ ఒకటి కాదు” అన్నాడు.

నిజమే. ముందు రెండుసార్లు వచ్చేది ప్రతి మధ్యమం. పంచమాన్ని ఆనుకుని, దాన్ని వదిలిపెట్టలేక ఊగుతూ ఉంటుంది. చివర్లో కిందికి దిగుతూ వచ్చేది శుద్ధ మధ్యమం. ఆ రెండూ ఒక్క ఊపిరిలో రావడంలోనే ఆ తొమ్మిది స్వరాల అందమంతా ఉంది. రెండు వందల ఏళ్ల కిందట వియన్నాలో ఒకాయన చేసిన పనిని మా పొదిలి పెద్దాయన మోకాలి మీద వేళ్లతో పట్టుకున్నాడు. ఇలాంటి క్షణం కోసమే నేను ఈ పని పెట్టుకున్నాను. పియానో కచేరీ ఎన్నడూ విననివాళ్లను కూర్చోబెట్టి, కాస్త మాట కలుపుతూ వినిపించడం. ఇవాళ ఆ పని గురించే మీతో మాట్లాడదామని వచ్చాను.

మొదట్లో నాకు ఇది ఎలా చెయ్యాలో తెలియలేదు. తొలి కచేరీ రోజున వాయించడానికి ముందు ఇరవై నిమిషాలు మాట్లాడాను. బీథోవెన్‌కు వచ్చిన చెవుడు, షోపెన్ అనారోగ్యం, మోజార్ట్ ముప్ఫై అయిదేళ్లకే వెళ్లిపోవడం, అన్నీ చెప్పాను. జనం మర్యాదగా విన్నారు. వాయించడం మొదలుపెట్టాక, రెండో కృతి సగంలో ఉండగానే వెనక వరుసలు పలచబడ్డాయి. అయిపోయాక టీ తాగుతుంటే, నా దగ్గర పాట నేర్చుకునే ఒక అమ్మాయి తల్లి దగ్గరికొచ్చింది. పొగాకు గ్రేడింగ్ పనికి వెళుతుంది ఆమె. “మేష్టారూ, ఆ మహానుభావుల కష్టాలు వింటుంటే కడుపు తరుక్కుపోయింది. కానీ మీరు వాయించేటప్పుడు చెవి ఎక్కడ పెట్టాలో చెప్పలేదండీ” అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆమె పని ఎలాంటిదో చూడండి. ఆకు చేతిలోకి రాగానే రంగు చూడాలి, మచ్చ చూడాలి, నిడివి చూడాలి, పట్టుకుంటే మెత్తగా ఉందో పెళుసుగా ఉందో చూడాలి. మొదటిరోజు పనికి వెళ్లినప్పుడు పక్కన కూర్చున్న మనిషి ఇవన్నీ చూపిస్తుంది. పొగాకు ఏ దేశంలో పుట్టిందో, మన దేశానికి ఎవరు తెచ్చారో చెప్పదు. “ఇదిగో, ఇక్కడ చూడు” అంటుంది. నేను చెప్పాల్సిన ఆ ఒక్క మాటా చెప్పకుండా మిగిలినవన్నీ చెప్పాను.

అప్పుడే నాకు బుర్రకథ గుర్తొచ్చింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్ గారి పేరు వినని తెలుగువాళ్లు తక్కువ. ఆ కళలో నడుమ కథకుడు ఉంటాడు, చేతిలో తంబురా, వేళ్లకు అందెలు. ఆయనకు అటూ ఇటూ ఇద్దరు వంతలు, గుమ్మెటలతో. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. చిన్నప్పుడు మనం నవ్వింది హాస్యం వంతకే. కానీ కాస్త జాగ్రత్తగా చూస్తే వంత చేసే అసలు పని వేరు. జనం మనసులో ఏ ప్రశ్న లేస్తుందో ఆ ప్రశ్న వాళ్లకంటే ఒక్క రెప్పపాటు ముందు అడుగుతాడు. “ఆ తరువాత ఏమైంది?” అంటాడు. “అదేమిటి, వాడెందుకు అలా చేశాడు?” అంటాడు. అడిగి పక్కకు తప్పుకుంటాడు. కథ మాత్రం కథకుడిదే.

పియానో కచేరీలో మాట్లాడేవాడు వంతగా ఉండాలి. కథకుడు పియానో. తొలిరోజు నేను కథకుడి చోటు ఆక్రమించాను, పియానోను వంతను చేశాను. జనం లేచి వెళ్లారంటే వాళ్ల తప్పేం లేదు.

మాటతో కలిపి సంగీతం వినిపించడం మనకు కొత్తా కాదు. హరికథలో దాసుగారు కీర్తన పాడి, ఆగి, అర్థం చెప్పి, మళ్లీ అందుకుంటారు. ఆదిభట్ల నారాయణదాసు గారు ఆ పద్ధతిని ఎంత ఎత్తుకు తీసుకెళ్లారో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. మద్రాసులో 1928లో పుట్టిన మ్యూజిక్ అకాడమీలో డిసెంబరు కచేరీల రోజుల్లో పొద్దున్నే సోదాహరణ ప్రసంగాలు జరుగుతాయి. అవి చాలా గొప్పవి, కాకపోతే తెలిసినవాళ్లు తెలిసినవాళ్ల కోసం చేసేవి. నేను మాట్లాడుతున్నది ఏమీ తెలియని మనిషి గురించి. ఆ మనిషికి చెవి ఉంది. చెవికి దారి చూపించే మాట లేదు.

ఇక వాద్యం సంగతి. మా ప్రాంతంలో మెట్లున్న వాద్యం అంటే హార్మోనియమే. మా నాన్న నాటకాల వాళ్లతో ఊళ్లు తిరిగాడు. పద్యం చివర ఆలాపన సాగుతుంటే ఆ పెట్టె కూడా గొంతుతో పోటీపడి సాగేది. అందుకే పియానో అనగానే మావాళ్లు హార్మోనియంతో పోల్చి చూస్తారు. అలా పోల్చడం మంచిదే. నేను కూడా అక్కణ్ణించే మొదలుపెడతాను.

ఆకాశవాణిలోనే కూర్చుని మాట్లాడుతున్నాను కాబట్టి ఒక పాత సంగతి చెప్పాలి. 1940 మార్చి 1 నుంచి రేడియోలో హార్మోనియం నిషేధం. 1971లో గానీ ఆ నిషేధం సడలలేదు. ఆ వాద్యానికి వ్యతిరేకంగా గట్టిగా రాసినవాళ్లలో జాన్ ఫౌల్డ్స్ ఒకడు. ఢిల్లీ కేంద్రంలో పాశ్చాత్య సంగీతం చూసిన ఇంగ్లీషు స్వరకర్త. వాదం ఏమిటంటే, హార్మోనియం మెట్టు బిగిసిపోయిన స్వరం, దాని మీద గమకం పలకదు, అది మన సంగీతాన్ని చెడగొడుతుంది అని. వాదంలో నిజం ఉంది. నాటకరంగంలో వేలమంది చెవులకు రాగాన్ని దగ్గర చేసింది కూడా ఆ పెట్టే, అదీ నిజమే.

ఆ ఆక్షేపణ పియానోకి ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. దాని మీద తోడి గాంధారం పలికించమంటే పలకదు. స్వరాన్ని లాగడానికి, ఊపడానికి వీల్లేదు. తీగ లోపల ఎక్కడో ఉంటుంది, వేలికి అందదు. వాద్యానికి లేనిది ముందే ఒప్పుకుంటే, ఉన్నది చూపించడం తేలిక. నేను జనానికి అలాగే చెబుతాను. దీని మీద గమకం రాదు, దాని కోసం ఎదురుచూడకండి, అని.

మరి ఏముంది? మద్రాసులో నేను నేర్చుకునే రోజుల్లో మా గురువుగారింట్లో గోడకు చేర్చి ఒక పాత పియానో ఉండేది. కొయ్య ఉబ్బిపోయి వానాకాలంలో మెట్లు ఇరుక్కునేవి. సముద్రపు గాలికి తీగలు తుప్పుపట్టేవి. శ్రుతి చెయ్యడానికి ఏడాదికి రెండుసార్లు మనిషి వచ్చేవాడు. ఒకరోజు గురువుగారు ముందరి పలక తీసి, “మెట్టు మీద మెల్లగా వేలు పెట్టి లోపలికి చూడు” అన్నారు. చూశాను. మెట్టు దిగుతుంటే లోపల ఒక చిన్న సుత్తి లేస్తుంది. దాని తలకు ఒత్తుగా ఉన్ని చుట్టి ఉంది. తీగను కొట్టేదాకా మెట్టు దాన్ని మోసుకెళ్లదు. చివరి క్షణంలో వదిలేస్తుంది. మిగిలిన దూరం సుత్తి తనంతట తనే ఎగిరి, తీగను తాకి, వెనక్కి పడిపోతుంది. తీగ మీద ఆనుకుని ఉన్న మెత్త అప్పటికే పక్కకు తప్పుకుంది కాబట్టి తీగ మోగుతూ ఉంటుంది. వేలు తీయగానే మెత్త వచ్చి తీగ మీద కూర్చుంటుంది. మోత ఆగిపోతుంది.

ఇంతే. కానీ ఇందులోనే అంతా ఉంది. మెల్లగా నొక్కితే సుత్తి మెల్లగా ఎగురుతుంది, మోత మెల్లగా వస్తుంది. గట్టిగా నొక్కితే గట్టిగా. హార్మోనియంలో మెట్టు ఎంత గట్టిగా నొక్కినా ఒకటే, బలమంతా తిత్తిది. పియానోలో బలం వేలిది. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో బార్తొలొమెయో క్రిస్టోఫొరీ అనే పనివాడు ఈ సుత్తి ఏర్పాటు కనిపెట్టాడు. ఆయన చేతి పియానోలు మూడు ఇప్పటికీ ఉన్నాయి. ఇటాలియన్‌లో పియానో అంటే మెల్లగా, ఫోర్తే అంటే గట్టిగా. రెండూ పలుకుతుంది కాబట్టి రెండు పేర్లూ కలిపి పిలిచారు. వాడుకలో మెల్లగా అన్నదే మిగిలింది. ఆ పేరు నాకు చాలా ఇష్టం.

ఇంకొకటి. హార్మోనియం స్వరం తిత్తి ఊదినంతసేపూ నిలుస్తుంది. పియానో స్వరం పుట్టిన మరుక్షణం నుంచీ సన్నగిల్లుతూ పోతుంది. మా హాల్లో ఇది చెప్పడానికి మాటలు వాడను. ఫ్యాన్లు ఆపించి, ఎడమవైపు చివర ఉన్న లోతైన స్వరం ఒక్కటి కొట్టి, “మోత పూర్తిగా ఆగిందని ఎప్పుడనిపిస్తే అప్పుడు చెయ్యెత్తండి” అంటాను. పది సెకన్లకే కొన్ని చేతులు లేస్తాయి. తరువాత ఇంకొన్ని. తరువాత లేచిన చేతుల్లో కొన్ని, అయ్యో ఇంకా ఉందే అన్నట్టు కిందికి దిగుతాయి. ఒకసారి నాలుగో తరగతి చదివే ఆడపిల్ల చివరిదాకా చెయ్యెత్తలేదు. హాలంతా ఆ పిల్ల వైపే చూస్తూ ఊపిరి బిగబట్టింది. బయట రోడ్డు మీద ఆటో పోయిన చప్పుడు, గోడ మీద బల్లి అరిచిన చప్పుడు. అప్పుడు ఆ పిల్ల చెయ్యెత్తింది. ఆ అరనిమిషం తరువాత ఆ జనం విన్న తీరే మారిపోయింది. నేను అంతకుముందు చెప్పిన మాటలన్నీ కలిపినా ఆ పని చెయ్యలేకపోయాయి.

మా దగ్గర ఉన్నది అసలు పియానో కాదని కూడా చెప్పాలి. పెద్ద కచేరీ పియానో తొమ్మిది అడుగుల పొడవు, అయిదు క్వింటాళ్లకు కాస్త తక్కువ బరువు. మేం వాడేది కరెంటుతో నడిచే ఎనభై ఎనిమిది మెట్ల వాద్యం. యాభై రెండు తెల్లవి, ముప్ఫై ఆరు నల్లవి. ఆటోలో పడుతుంది. వేలి బలానికి తగ్గట్టు పలుకుతుంది. అసలుదానికి సాటి కాదు, కానీ ఊరూరా తిరగాలంటే ఇదే దారి. కచేరీ గంటకు మించదు, కృతులు మూడు. పొగాకు వేలాలు, మిరప కోతలు జోరుగా ఉన్న వారాల్లో పెట్టం.

రెండు చేతుల సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేను. మన సంగీతంలో ఒకే గీత. గాయకుడు ఎక్కడికెళితే వయొలిన్ అక్కడికెళుతుంది. పియానోలో ఎడమచెయ్యి ఒకటి చెబుతుంటే కుడిచెయ్యి ఇంకొకటి చెబుతుంది, రెండూ కలిసి మూడోది అవుతుంది. దీన్ని ఎలా చెప్పాలా అని నేను తంటాలు పడుతుంటే, అరక కట్టి బతికిన ఒక రైతు వెనకనుంచి, “దాపటెద్దు, వలపటెద్దు అనండి మేష్టారూ” అన్నాడు. ఒంగోలు గిత్తల సీమలో ఇంతకంటే మంచి మాట ఏం కావాలి? ఎడమ పక్కది, కుడి పక్కది. రెండిటి నడక ఒకటి కాదు, కాడి ఒకటి. ఆ రోజునుంచీ మా కచేరీల్లో ఎడమచేతి భాగానికి దాపటి చెయ్యి అనే పేరు స్థిరపడిపోయింది.

పియానో పుట్టిన దేశాల్లో కూడా ఈ మాట కలిపే పద్ధతి పాతదే. ఫ్రాంజ్ లిస్ట్ 1840లో లండన్‌లో ఒక్కడే కూర్చుని కచేరీ చేశాడు. ఒక కృతి అయ్యాక వేదిక దిగి జనంలోకి వచ్చి కబుర్లు చెప్పి మళ్లీ వెళ్లి వాయించేవాడు. రేడియో వచ్చాక అమెరికాలో వాల్టర్ డామ్రాష్ 1928 నుంచి 1942 దాకా బడిపిల్లల కోసం సంగీతాన్ని వివరించే కార్యక్రమం నడిపాడు. పిల్లలకు గుర్తుండాలని బాణీలకు మాటలు కట్టేవాడు. నాకు ఆ పద్ధతి నచ్చదు. మాట కట్టాక ఆ బాణీ ఇక ఎన్నటికీ మాట లేకుండా వినపడదు.

లెనార్డ్ బెర్న్‌స్టైన్ చేసింది నాకు నచ్చుతుంది. న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌తో 1958లో మొదలుపెట్టి 1972 దాకా పిల్లల కోసం యాభై మూడు కచేరీలు చేశాడు. అన్నీ టెలివిజన్లో వచ్చాయి. మొట్టమొదటి దానిలోనే ఒక కౌబాయ్ సీరియల్‌కు వాడిన సంగీతం వాయించాడు. పిల్లలంతా ఆ హీరో పేరు అరిచారు. ఇది రాసినాయనకు కౌబాయ్ అంటే ఏమిటో తెలియదు, అన్నాడు బెర్న్‌స్టైన్. ఇంకో కృతికి తనే ఒక కట్టుకథ అల్లి చెప్పి, ఆ కథకు సంగీతం చక్కగా సరిపోయేలా వాయించి, తరువాత ఆ కృతి అసలు కథ వేరే అని చెప్పాడు. కథ మారినా సంగీతం మారలేదు అని పిల్లలకు అర్థమయ్యేలా చేశాడు. కథ చెప్పి కథను తీసేయడం. వంతకు ఇంతకంటే గొప్ప పాఠం లేదు.

చెన్నైలో అనిల్ శ్రీనివాసన్ పియానో మీద కర్ణాటక సంగీతాన్ని వాయిస్తూ, మాట్లాడుతూ బడుల్లోకి కూడా తీసుకెళుతున్నారు. వింటే సంతోషంగా ఉంటుంది. మన జిల్లాల్లో అలాంటివాళ్లు పదిమంది కావాలి.

వాళ్లు దొరికే చోటు కూడా నాకు కనిపిస్తోంది. అమెరికన్ బాప్టిస్టు మిషను వాళ్లు ఒంగోలు కేంద్రంగా పనిచేసిన రోజుల్లో మా పొదిలి కూడా వాళ్ల స్థావరాల్లో ఒకటి. వాళ్ల చర్చిల్లో రెండు రకాల పాట వినపడేది. నాలుగు గొంతుల మేళవింపుతో వచ్చిన పడమటి పాట ఒకటి. పురుషోత్తమ చౌదరి గారి లాంటివాళ్లు మన రాగాల్లో కట్టిన కీర్తన ఇంకొకటి. ఇవాళ పల్లెలో చర్చి ఉందంటే కీబోర్డు ఉంది, దాని ముందు ఓ కుర్రాడు ఉన్నాడు. వాడికి ఎవరూ నేర్పలేదు, చూసి నేర్చుకున్నాడు. సి మేజర్, ఎ మైనర్ అంటూ మూడు స్వరాలు ఒకేసారి నొక్కి కార్డులు పడతాడు. పియానోకు మన పల్లెల్లో ఇప్పటికే తయారై ఉన్న శ్రోత వాడే. రేపు ఆ పదిమందిలో ఒకడు కాగలిగేదీ వాడే.

అలాంటి ఇద్దరు కుర్రాళ్ల ముందు బీథోవెన్ 1801లో రాసిన ఒక సొనాటా మొదలుపెట్టాను. లోకం దాన్ని వెన్నెల సొనాటా అంటుంది. ఆ పేరు ఆయన పెట్టింది కాదు, ఆయన పోయాక రెల్‌స్టాబ్ అనే విమర్శకుడి మాట వల్ల వచ్చింది. అందుకని పేరు చెప్పలేదు. “పాట ఎక్కడుందో పట్టుకోండి” అన్నాను, అంతే. ఒకడు కాసేపటికి, “ఇది కార్డే సార్, ఒకేసారి పట్టకుండా ఒక్కో స్వరం విడదీసి వాయిస్తున్నారు” అన్నాడు. రెండోవాడు నా చేతినే చూస్తున్నాడు. “పాట కుడిచేతి చిటికెన వేలి మీద ఉంది సార్. మిగతా వేళ్లు కార్డు నడుపుతున్నాయి” అన్నాడు. సంగీత కళాశాలలో ఒక తరగతి పట్టే విషయం అది. వాడు అయిదు నిమిషాల్లో పట్టుకున్నాడు. నేను చేసింది చెవి ఎక్కడ పెట్టాలో చెప్పడం, అంతే.

మా కచేరీలో ప్రతి కృతీ రెండుసార్లు వాయిస్తాం. ఒకసారి వాయించి, రెండు మాటలు చెప్పి, మళ్లీ వాయించడం. దీన్ని ఎక్కడినుంచో తెచ్చుకోలేదు. పద్యనాటకంలో పద్యం బాగుంటే జనం ‘వన్స్ మోర్’ అనరూ? శ్రీకృష్ణుడు రాయబారం ఆపి మళ్లీ పద్యం అందుకోడూ? రెండోసారి విన్నప్పుడే సంగతి తెలుస్తుందని మన జనానికి ఎవరూ చెప్పకుండానే తెలుసు. జర్మనీలో హాన్స్ ఫాన్ బ్యూలో అనే మహా పియానిస్టు బీథోవెన్ తొమ్మిదో సింఫనీని ఒకే సాయంత్రం మొత్తం రెండుసార్లు వినిపించాడు. గంటకు పైగా పట్టే కృతి అది. ఆయన ఎవరో తెలియకపోయినా మా నాన్న ఆయన పక్షానే ఉండేవాడు.

మాటలు అక్కర్లేదు, సంగీతం తనను తనే చెప్పుకుంటుంది అనేవాళ్లున్నారు. నేను వాళ్లతో గొడవపడను. కానీ వాళ్లలో ఎక్కువమంది చిన్నప్పటినుంచీ ఇంట్లో సంగీతం విన్నవాళ్లు. వాళ్లకు ఆ మాటలు అమ్మో నాన్నో ఎప్పుడో చెప్పేశారు. చెప్పించుకున్న సంగతి మరిచిపోయారు. మా హాల్లో ఆ వెనక వరుసలో కూర్చున్నవాళ్లకు చెప్పినవాళ్లు లేరు. అందుకే నేను పోయి పక్కన కూర్చుంటున్నాను.

చివరగా ఒక కృతి గురించి చెప్పి, దాన్ని వినిపించి సెలవు తీసుకుంటాను.

పోలండ్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడిన షోపెన్ 1838 చలికాలంలో రచయిత్రి జార్జ్ శాండ్‌తో కలిసి మయోర్కా ద్వీపానికి వెళ్లాడు. పాత మఠంలో గదులు తీసుకుని ఉన్నారు. ఆయనకు ఒంట్లో బాగులేదు, బయట వాన. అక్కడే ఇరవై నాలుగు చిన్న కృతుల సంపుటి పూర్తి చేశాడు. 1839లో అచ్చయింది. వాటిలో పదిహేనోదానికి వానచుక్క అనే పేరు లోకం పెట్టింది. ఓ తుఫాను రాత్రి శాండ్ తిరిగొచ్చేసరికి షోపెన్ ఏడుస్తూ వాయిస్తున్నాడట. కప్పు మీద పడే చుక్కలు వినమంటే, అలాంటి అనుకరణ తను చెయ్యలేదని కోప్పడ్డాడట. ఇది శాండ్ రాసిన మాట. ఆమె చెప్పింది ఈ కృతి గురించేనా, వేరేదాని గురించా అన్నదీ తేలలేదు. అందుకే మా హాల్లో వాన మాట నేను ఎత్తలేదు.

“ఒక నల్లమెట్టు ఉంది, అది ఈ కృతిలో పంచమం. దాన్ని వదలకండి” అన్నాను. పాట గ స ప అని శంకరాభరణంలా హాయిగా కిందికి దిగుతుంది. కింద ఆ పంచమం చుక్క చుక్కగా మోగుతూనే ఉంటుంది. నడుమకు వచ్చేసరికి షడ్జం మారదు, గాంధారం మారుతుంది. శంకరాభరణం వెలుతురు పోయి చీకటి కమ్ముతుంది. దాపటి చెయ్యి కింది స్వరాల్లో బరువుగా నడుస్తుంది. పంచమం మాత్రం అదే మెట్టు మీద, ఇంకా గట్టిగా. కాగితం మీద దాని పేరు మారుతుంది, మెట్టు మారదు. మనకు చతుశ్రుతి రిషభం, శుద్ధ గాంధారం పేర్లు రెండైనా స్థానం ఒకటే, అలాగన్నమాట.

మొదటిసారి వాయించి ఆగాను. ఎవరూ మాట్లాడలేదు. కొనకనమిట్ల వైపు నుంచి వచ్చిన ఒక మిరప రైతు, యాభై పైబడినాయన, నేల చూస్తూ, “ఇది తొలకరి కాదు” అన్నాడు. నేను వాన అని అనలేదు, ఎవరూ అనలేదు. “కళ్లంలో కాయ ఉండగా పడే వాన ఇది. మొదట నాలుగు చుక్కలు. పోతుందిలే అనుకుంటాం. తరువాత పట్టాలు కప్పడానికి చీకట్లో పరుగులు పెడతాం” అన్నాడు. ఎకరాల కొద్దీ కాయ కోసి ఎర్రగా ఆరబోసినవాడికి ఫాల్గుణంలో మబ్బు పట్టడం అంటే ఏమిటో మీకు తెలుసు. తడిసిన కాయ తాలు అయిపోతుంది, ధర సగానికి పడిపోతుంది. హాల్లో సగం మంది ఆ రాత్రులు చూసినవాళ్లే.

రెండోసారి వాయించాను. చివర్లో, మొదటి పాట తిరిగొచ్చాక, ఒక్కచోట ఆ చుక్క ఆగిపోతుంది. పైన ఒకే ఒక్క స్వరం ఒంటరిగా లేచి మెల్లగా దిగుతుంది. కింద ఏమీ లేదు. అక్కడ నేను తల తిప్పి ఆయన వైపు చూశాను. చెయ్యి కొంచెం పైకెత్తి, అరచెయ్యి వెల్లకిలా పెట్టి కూర్చుని ఉన్నాడు, చుక్క ఇంకా పడుతోందో లేదో చూస్తున్నట్టు.

వినండి. ఆ నల్లమెట్టు మీద చెవి పెట్టండి.

(షోపెన్: ప్రెలూడ్, డి ఫ్లాట్ మేజర్)